గంజి బాన, ఇద్దరి నాలుకలు

ఆ వీధిలో మగ్గాలన్నిటికీ గంజి పెట్టేది ఒక్క షెడ్డే. రేకుల కప్పు. మూడు పక్కల గోడలు, నాలుగో పక్క పెరడు. పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకు గుంజలు పాతి పడుగులు చాచి ఆరబెడతారు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలు. గంజి పట్టని పడుగు నూగు లేచి, మగ్గం ఎక్కగానే పోగుకు పోగు పెనవేసుకుని తెగుతుంది. గంజి పచ్చిగా ఉంటే పోగు మీద పలుకులు కడుతుంది. మరీ ఉడికితే జిగురు చచ్చి, పెట్టినా పెట్టనట్టే ఉంటుంది. షెడ్డులో ఎన్ని పనులున్నా అసలు పని ఒకటే. బాన కింద కట్టెలు వెనక్కి తీసి మంట ఎప్పుడు లాగాలో చెప్పడం.

ఆ మాట చెప్పేది పెద్దాయన. తెడ్డు అంచున ఉన్న గంజిని కొనవేలితో కాస్త తీసి, ఊది, నాలుక మీద పెట్టుకుంటాడు. వెంటనే మింగడు. కళ్ళు సగం మూసుకుని బాన దగ్గర నుంచి గుమ్మం దాకా నడుస్తాడు. గుమ్మం చేరేలోగా నోట్లో గంజి నీరైపోయి, చివర్న చిన్న తీపి తగిలితే ఉడికినట్టు. ఇంకా ముద్దగానే ఉంటే పచ్చి. వాళ్ళ నాన్న అలాగే చూశాడు. తాత కూడా అలాగే చూసేవాడని నాన్న చెప్పాడు. గడియారం చూసి చెప్పేవాళ్ళంటే పెద్దాయనకు నవ్వు. పిండి పిండికీ, కట్టె కట్టెకీ, ఎండకీ ముసురుకీ తేడా ఉంటుంది, గడియారానికి అదేం తెలుసు అంటాడు.

ఆ ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. పొగా ఆవిరీ మానుకోకపోతే ఊపిరి నిలవదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. బాన ఎవరికో ఒకరికి అప్పగించాలి. కొడుక్కి ఆ పని మీద మనసు లేదు. బండి మీద పడుగులు తేవడం, ఆరాక మగ్గాలకు చేర్చడం, దారిలో నలుగురితో కబుర్లు, అదీ వాడి లోకం. మిగిలింది కోడలు.

కోడలు సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ వాళ్ళంతా వేట మీద బతికినవాళ్ళు. తాతల నాడు నెలల తరబడి చేపే తిండి, ధాన్యం ఎప్పుడో పడవలో వస్తే చూసేవాళ్ళట. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెను బాన వైపు రానివ్వలేదు. తర్వాత ఒకరోజు తెడ్డు తిప్పేవాడు రాకపోతే తానే అందుకుంది. పడవ తెడ్డు పట్టిన చెయ్యి కదా, గంజి అడుగంటకుండా తిప్పడం చూసి పెద్దాయన ఏమీ అనకుండా ఊరుకున్నాడు. అప్పటి నుంచి తెడ్డు ఆమెదే. బాన కూడా తనది కావాలని ఆమె పైకి అనలేదు. పని అయ్యాక బానను కొబ్బరిపీచుతో తోమి, కడిగి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకునే తీరులో ఆ మాట తెలిసిపోయేది.

చిక్కంతా నాలుక దగ్గరే వచ్చింది. పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడి ఉడికింది అనేవాడు. ఆయన పక్కనే, ఆయనతో పాటే నడిచి వచ్చిన కోడలు ఇంకా లేదు అనేది. ఆయన నోట్లో నీరైపోయిన గంజి ఆమె నోట్లో ముద్దగానే ఉండేది. మొదట్లో నేర్చుకుంటుందిలే అనుకున్నాడు. తర్వాత శ్రద్ధ లేదనుకున్నాడు. ఆపైన, మొండికేస్తోందనుకున్నాడు. నేతగాళ్ళ ముందు కూడా అనేసేవాడు, సముద్రం ఒడ్డు నాలుకకు ఉప్పు తప్ప ఏం తెలుస్తుందని. ఆమెకు అబద్ధం ఆడటం చేతనైతే ఆ గొడవే లేకపోయేది. ఆయన ఉడికిందన్నప్పుడల్లా ఉడికింది అంటే సరిపోయేది. అనలేదు.

ఒకరోజు పెద్దాయన పన్ను పీకించుకుని దవడ వాచి ఇంట్లో పడుకున్నాడు. నాలుక మొద్దుబారిపోయింది. ఆ పూట బాన కోడలి మీద పడింది. ఆమె ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది. గంజి నాలుక మీద పెట్టుకుని గుమ్మం దాకా నడిచింది. నీరు కాలేదు. మళ్ళీ మంట ఎగదోసింది. మళ్ళీ నడిచింది. ఎన్నిసార్లు నడిచినా ఆమె నోట్లో గంజి నీరు కావడం లేదు. చివరికి అయినట్టే అనిపించి మంట లాగే సరికి బానలో ఉన్నది జిగురు లేని తెల్లనీళ్ళు.

ఆ పడుగు నిచ్చెనది. నిచ్చెన అంటే వీధి చివర మగ్గం నేతగాడు. మనిషి ఆ పొడుగుంటాడు కాబట్టి ఆ పేరు. మర్నాడు తెగిన పోగులన్నీ గుప్పెట్లో పట్టుకుని వచ్చి పెద్దాయన మంచం మీద పరిచాడు. అరవలేదు. “మీ ఇంట్లో గంజి అయిపోయిందేమో, నీళ్ళు పెట్టి పంపారు. చెబితే ఆ నీళ్ళు మా ఇంట్లోనే ఉన్నాయి కదా, నేనే పోసుకునేవాణ్ణి” అన్నాడు.

పెద్దాయన ఆ పోగుల్ని ఒక్కొక్కటే వేళ్ళ మధ్య లాగి చూశాడు. కోడలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. ఆయన కొడుకును పిలిచి, పొడి గంజి అమ్మే ఏజెంటుకు కబురు పెట్టమన్నాడు. ఆ పొడి సంచుల్లో వస్తుంది. నీళ్ళల్లో కలిపితే చాలు, ఉడకబెట్టే పని లేదు. అది వస్తే బాన బోర్లించేయడమే. కోడలికి పడుగులు ఆరబెట్టే పని మిగులుతుంది. ఏజెంటు వారంలో వస్తానన్నాడు.

ఆ వారంలోనే పెద్దాయన తమ్ముడి కూతురు వచ్చింది. పెద్ద చదువు చదివి, మనుషుల జన్యువుల మీద పరిశోధన చేస్తోంది. ఈసారి ఆమెకు కావలసింది ఉమ్మి. చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు పెట్టె నిండా తెచ్చింది. తరతరాలుగా ధాన్యం తిన్న వీధిలో కొందరి దగ్గర, చేపల మీద బతికిన ఒడ్డు ఊళ్ళలో కొందరి దగ్గర ఉమ్మి పట్టుకెళ్ళి పోల్చి చూడాలట. షెడ్డు గుమ్మం ముందు బల్ల వేసుకుని కూర్చుంది. పడుగులు తెచ్చినవాళ్ళు, తీసుకుపోయేవాళ్ళు గొట్టంలో ఉమ్మి మరీ పోయేవాళ్ళు. ఇంతకాలం ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే తిట్టారు, ఇప్పుడు కూర్చోబెట్టి అడుగుతున్నారని నిచ్చెన అన్నాడు. ఉమ్ములమ్మ అనే పేరు పెట్టింది కూడా అతనే. ఆమె దానికి పలకడం మొదలుపెట్టింది.

కోడలు తెడ్డు తిప్పుతూనే వినేది. ఉమ్ములమ్మ ఎవరికి చెప్పినా ఒకే మాట చెబుతోంది. ఉమ్మిలో పిండిని కోసే రసం ఒకటుంటుంది, అది కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు కోడలి చెయ్యి ఆగింది. గంజి అడుగంటబోతే మళ్ళీ తిప్పింది. రెండోసారి విన్నాక తెడ్డు మొగుడి చేతికిచ్చి వచ్చి బల్ల ముందు నిలబడింది.

“వదినా, ఆ కోసేది తక్కువుంటే గంజి నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?”

“ఎక్కువసేపు గంజిలాగే ఉంటుంది.”

“ఎక్కువున్నవాళ్ళకి?”

“తొందరగా నీరైపోతుంది. ఆ నీళ్ళల్లో తీపి కూడా తెలియొచ్చు. ఎందుకడుగుతున్నావు?”

కోడలు తిరిగి పెద్దాయన వైపు చూసింది. ఆయన కుర్చీలో కూర్చుని విన్నాడో లేదో తెలియకుండా నేల చూస్తున్నాడు. కాసేపటికి తలెత్తకుండానే, ఎక్కువ తక్కువలు ఎందుకు వస్తాయని అడిగాడు.

ఉమ్ములమ్మ చెప్పింది. ఆ రసం ఎలా తయారు కావాలో ఒంట్లో ఒక జన్యువులో రాసి ఉంటుంది. మిగతా చాలా వాటికి అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి ఉంటే సరి. ఇది మాత్రం ఎప్పుడో పాతకాలంలో, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నకలు దిగేటప్పుడు పొరపాటున పక్కపక్కనే రెండుసార్లు పడింది. పడుగుకు పోగులు వరసగా తోడి పేర్చేటప్పుడు ధ్యాస తప్పి తోడిన పోగునే మళ్ళీ తోడినట్టు. ఒకసారి అలా పడ్డాక మళ్ళీ మళ్ళీ తప్పు పడటం తేలిక. ఒకరికి పెరుగుతుంది, ఒకరికి తగ్గుతుంది. అందుకే ఈ రోజున ఒకరి ఒంట్లో ఆ నకళ్ళు రెండే ఉండొచ్చు, పక్కింటివాళ్ళకు డజను దాటొచ్చు.

పెద్దాయన ఆలోచించాడు. “ఒక బానకు ఒకడు తెడ్డేస్తే ఒక తీరు, నలుగురు వేస్తే ఒక తీరు. అంతేనా?”

దాదాపు అంతేనంది ఆమె.

“అయితే ఒడ్డున చేపలు తిన్నారు కాబట్టి వాళ్ళకు తగ్గాయి. మేం పిండి తిన్నాం కాబట్టి మాకు పెరిగాయి.”

“తింటే పెరగవు పెదనాన్నా. నువ్వు పుట్టినప్పుడు ఎన్నున్నాయో పోయేదాకా అన్నే. పొరపాట్లు ఎక్కడైనా ఒకేలా జరుగుతాయి. చేపలు తినేచోట అదనంగా ఒకటున్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. పిండి మీదే బతికేచోట, కరువు కాలంలో, అదే ముద్దలోంచి కాస్త ఎక్కువ రాబట్టుకోగలిగినవాడు బతికి ఉండొచ్చు. వాడి పిల్లలు ఒకరిద్దరు ఎక్కువ మిగిలి ఉండొచ్చు. అలా వందల తరాలు. ఇప్పుడు లెక్కేస్తే ధాన్యం తినే జనంలో సగటున ఎక్కువ కనిపిస్తున్నాయి.”

“అంటే ఎవరూ నేర్చుకోలేదు.”

“లేదు. ఉన్నవాళ్ళు మిగిలారు. అది కూడా ఎంతవరకు నిజమో, దేనివల్ల ఎంత లాభం వచ్చిందో మాలో మాకే ఇంకా తేలలేదు. తేలితే నాకీ ఉమ్ములెందుకు?”

కోడలికి ఆ సగటు అనే మాట పట్టలేదు. తన నోరు సంగతి ఇప్పుడే తేల్చమంది. ఉమ్ములమ్మ నవ్వి, అసలు లెక్క ప్రయోగశాలలో తేలాల్సిందే, ఇక్కడ చేస్తే ఆటలా ఉంటుంది తప్ప రుజువు కాదంది. ఆట అయినా సరే అంది కోడలు. పెద్దాయన కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

వంటింట్లోంచి తెల్ల పింగాణీ పళ్ళెం వచ్చింది. గాయాలకు పూసే అయోడిన్ సీసా వచ్చింది. దానితో పాటు, ఏమిటీ హడావుడి అంటూ అత్తగారూ వచ్చింది. ఉమ్ములమ్మ గంజిని పలచగా కలిపి గాజు గ్లాసుల్లో పోసింది. పళ్ళెంలో ఒక గ్లాసుకు ఒక వరుస చొప్పున అయోడిన్ చుక్కలు పెట్టింది. గంజి తగిలితే చుక్క నల్లటి నీలం అవుతుంది, గంజి కోసుకుపోయాక తగిలితే చుక్క రంగు మారదు, ఎర్రమట్టి రంగులోనే ఉంటుంది అని చెప్పింది. పెద్దాయన, కోడలు, కొడుకు, నిచ్చెన, ఒక్కొక్కరు నోరు పుక్కిలించి, కాసేపాగి, తమ గ్లాసులో ఉమ్మారు. అత్తగారు నాకొద్దంటే వద్దంది. మళ్ళీ ఎవరూ చూడకుండా ఒక గ్లాసు తీసుకుని మూల తిరిగి ఉమ్మి తెచ్చి పెట్టింది.

ఉమ్ములమ్మ ప్రతి గ్లాసులోంచి ఒక చుక్క తీసి పళ్ళెంలో దాని వరుసలో వేసేది. కాసేపాగి మళ్ళీ ఒక చుక్క. మొదట అన్నీ నీలంగా మారాయి. తర్వాత పెద్దాయన వరుసలో చుక్క ఊదారంగు తిరిగింది. ఆ తర్వాతి చుక్క మట్టిరంగులోనే ఉండిపోయింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు. అత్తగారి వరుస చూస్తే ఆయనకంటే ముందే మట్టిరంగుకు వచ్చేసి ఉంది. నిచ్చెనది మధ్యలో ఎక్కడో పోయింది. కోడలి వరుస మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నీలం, నీలం, నీలం.

ఆమె దగ్గరగా వంగి చూసింది. మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఇన్నాళ్ళూ తాను ఇంకా లేదు అన్నది నిజమేనని ఆ పళ్ళెం అందరి ముందూ ఒప్పుకుంది.

అప్పుడు నిచ్చెన మెడ చాచి, ఇంకో వరుస వైపు చూపించాడు. “ఇదెవరిది? ఇది కూడా సముద్రంలోంచే వచ్చినట్టుందే.”

అది కొడుకుది. కోడలి వరుస ఎంత నీలంగా ఉందో, కొడుకు వరుసా అంతే నీలంగా ఉంది.

పెద్దాయన పళ్ళెం చూశాడు, కొడుకును చూశాడు. మరి చిన్నప్పటి నుంచి నా పక్కన నడిచి ఉడికింది అనేవాడివి కదా, ఎలా అన్నావురా అని అడిగాడు. కొడుకు తల గోక్కున్నాడు. తనకు నోట్లో ఏనాడూ ఏమీ తెలియలేదన్నాడు. నాన్న గొంతు ముడి కిందికి జారినప్పుడు ఉడికింది అనేవాణ్ణి, అది ఒక్కసారి కూడా తప్పలేదు అన్నాడు. నిచ్చెన గోడకు ఆనుకుని నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఇది వాళ్ళ అమ్మ వైపు నుంచి వచ్చుంటుందన్నాడు.

“నా వైపు తోయకండి. నా గ్లాసు మీ గ్లాసుకన్నా ముందు తేలింది, కళ్ళు పెట్టి చూడండి” అంది అత్తగారు.

మరి వీడికెక్కడిది అని ఇద్దరూ ఉమ్ములమ్మ వైపు తిరిగారు. ఆమె చెప్పింది. ప్రతి మనిషిలో రెండు వరుసలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పెదనాన్నకు ఒక వరుసలో నకళ్ళు ఎక్కువ, రెండో దాంట్లో తక్కువ ఉండొచ్చు. పెద్దమ్మకూ అలాగే. పిల్లాడికి ఇద్దరి నుంచీ తక్కువవే దిగి ఉండొచ్చు. అందుకే జనాన్ని చూసి సగటు చెప్పగలం గానీ, సగటును చూసి మనిషిని చెప్పలేం. ఒడ్డున పుట్టినవాళ్ళలో కూడా ఈ పెద్దమ్మను మించినవాళ్ళు ఉంటారు అంది.

ఆ తర్వాత పెద్దాయన సముద్రం నాలుక అనే మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ అత్తగారికి నాలుక ఉందని తేలింది కాబట్టి గంజి ఆమెనే చూడమన్నాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి వండి పెడుతుంటే ఒక్కరోజు ఉప్పు సరిపోయిందనని మనిషికి, నా నోటి మీద ఇప్పుడు నమ్మకం కుదిరిందా అని ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కోడలు పళ్ళెం కడుగుతోంది. మొహంలో ఇందాకటి వెలుగు లేదు. ఆమెకు రెండో సంగతి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ పెద్దాయన నేర్చుకోలేదు, శ్రద్ధ లేదు అంటుంటే మనసులో ఏ మూలో ఒక ఆశ ఉండేది. నేర్చుకుంటే వస్తుందని. పుట్టినప్పుడు ఎన్నో పోయేదాకా అన్నే అని ఉమ్ములమ్మ చెప్పిన మాట ఆమెకూ వర్తిస్తుంది.

“అయితే నాకు ఎప్పటికీ రాదన్నమాట” అంది, ఎవరితో అన్నదో తెలియకుండా.

పెద్దాయన ఆ మాట విన్నాడు. కాదనలేదు. నీ తప్పు లేదమ్మాయ్ అన్నాడు. ఆ మాటకు ఆమె ఇంకా కుంగింది. తప్పుంటే దిద్దుకునేది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పొయ్యి రాజేసింది. తెడ్డు తిప్పుతూ ముందురోజు అన్న మాటలన్నీ ఒకటొకటిగా తిరగేసింది. నకళ్ళు తక్కువ. కోసే రసం తక్కువ. నీరు కావడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇందులో గంజి తప్పేముంది? పెద్దాయన ఉడికిందన్నప్పుడు బానలో ఉన్న గంజి, ఆయన నోట్లో ఉన్న గంజి, తన నోట్లో ఉన్న గంజి అంతా ఒకటే. తేడా దాన్ని కోసే దగ్గర. ఆయన నీరవ్వాలి అని నేర్పాడు కాబట్టి తాను నీటి కోసమే కాచుకుంది. అది రాలేదు కాబట్టి లేదంది. ఆయన ఉడికిందన్న ఆ క్షణంలో తన నోట్లో ఉన్నది ఎలా ఉందో తాను ఎప్పుడైనా చూసిందా? ఎన్నోసార్లు అది నాలుక మీదే ఉంది. చూడలేదు.

గంజి చిక్కబడే వేళకు పెద్దాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. ఆయనలాగే కోడలు కూడా ఒక వేలి గంజి నాలుక మీద పెట్టుకుంది. ఆయన వెనకే నడవలేదు. బాన దగ్గరే నిలబడి, గంజిని నాలుకతో అంగిలికి అదిమి చూసింది. గరుకు తగిలింది. గరుకంటే ఇసుకంత కాదు, ముఖానికి రాసుకునే పౌడరంత సన్నటి నలుసు. కాసేపాగి కొత్తది తీసి చూసింది. ఇంకా ఉంది. మళ్ళీ తీసింది. ఈసారి అంగిలి మీద ఏమీ లేదు. గంజి ముద్దగానే ఉంది, కానీ పాలమీగడ జారినట్టు జారింది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర నుంచి పెద్దాయన ఉడికింది అన్నాడు.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు రెండో బానకు కూడా అలాగే చూసింది. మర్నాడూ చూసింది. మొగుణ్ణి పిలిచి అంగిలికి అదిమి చూడమంది. అతనికి కూడా నలుసు తెలిసింది, పోవడం కూడా తెలిసింది. నాన్న గొంతు చూసే పని తప్పిందని సంతోషపడ్డాడు. ఉమ్ములమ్మను అడిగితే, ఉడకని పిండి గింజలు గింజలుగా ఉంటుంది, వేడికి అవి ఉబ్బి పగులుతాయి, అవి పగిలాకే ఉమ్మి వాటిని తేలిగ్గా కోయగలదు అంది. కాబట్టి పెదనాన్న చూసేదీ అదే, నువ్వు చూసేదీ అదే కావచ్చు, గింజ పగిలాక ఏమవుతుందో ఆయన చూస్తున్నాడు, పగిలే ఆ క్షణాన్నే నువ్వు చూస్తున్నావు అంది.

ఏజెంటు వచ్చిన రోజున కోడలు పెద్దాయన ముందు నిలబడి సంగతి చెప్పింది. ఆయన ఏజెంటును కూర్చోమని, కుర్చీ తీసుకెళ్ళి గుమ్మం బయట, బాన వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఉడికిందనిపిస్తే కోడలు నోటితో చెప్పకూడదు, తెడ్డు బాన అంచున ఆనించి వదలాలి. కొడుకు ఎప్పటికప్పుడు పుల్ల మీద గంజి తెచ్చి తండ్రికి ఇవ్వాలి. ఆయనకు ఉడికిందనిపిస్తే గుప్పెట మూస్తాడు. నిచ్చెన మధ్యలో నిలబడి ఇద్దర్నీ చూస్తాడు. అతని పొడుగు ఒక పనికి వచ్చిందని అత్తగారు అంది. ఏజెంటు నమూనా సంచి ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు.

మొదటి బానకు తెడ్డూ గుప్పెటా కలిసే పడ్డాయి. బాన దించి కడిగి, రెండోది ఎక్కించారు. ఈసారి పిండి కొత్త బస్తాది. కోడలు అంగిలికి అదిమింది, ఆగింది, మళ్ళీ తీసింది. తెడ్డు ఆనించి వదిలింది. పెద్దాయన గుప్పెట తెరిచే ఉంది. కొడుకు ఇంకో పుల్ల తెచ్చి ఇచ్చాడు. అప్పుడు మూశాడు.

తెడ్డు ముందు పడిందని నిచ్చెన చెప్పాడు. కోడలి మొహం పాలిపోయింది. తెడ్డు పడ్డప్పటి గంజిని ఒక చెంబులో, గుప్పెట మూసినప్పటి గంజిని ఇంకో చెంబులో తీయించి ఉంచింది కోడలే. ఒక్కో చెంబులో ఒక నూలు చిలపను, అంటే చిన్న చుట్టను, ముంచి ఎండలో వేశారు. అవి ఆరేదాకా అందరూ ఊరికే కూర్చున్నారు. ఆరాక పెద్దాయన ఒక్కో పోగునూ వేళ్ళ మధ్య రాసి, లాగి, తెంపి, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తెంపి చూశాడు. ఏది ఎవరిదో ఆయనకు చెప్పలేదు. చాలాసేపు చూశాక రెండూ నిచ్చెన చేతికిచ్చాడు. నిచ్చెన కూడా చూసి తేడా దొరకలేదన్నాడు.

పెద్దాయన వేళ్ళకు అంటిన పొడి దులుపుకున్నాడు. తర్వాత ఉమ్ములమ్మకు పాత సంగతి ఒకటి చెప్పాడు. తాను బాన దగ్గర నేర్చుకునేటప్పుడు, తాను ఉడికింది అన్నప్పుడల్లా నాన్న తెడ్డు పట్టుకుని మీదికి వచ్చి ఇంకా లేదు అనేవాడు. తాను ఏళ్ళ తరబడి తప్పు చెబుతున్నాననే అనుకున్నాడు. నాన్న పోయాక తన నాలుక తీరున మంట ముందే లాగడం మొదలుపెట్టాడు. మగ్గాల నుంచి ఒక్కరు కూడా వచ్చి అడగలేదు. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

“మా నాన్నకి ఎన్ని ఉండి ఉంటాయి?”

తెలియదంది ఆమె. నీకన్నా తక్కువే అయి ఉండొచ్చు, వయసుకు నోరు ఎండిపోయి ఉండొచ్చు, వేడి నీళ్ళు తాగి వచ్చి ఉండొచ్చు. మనిషి లేకుండా చెప్పలేం.

“అయితే మా ఇంటి గంజి అని ఇన్నేళ్ళూ అందరికీ ఇచ్చింది, తాతది ఒకటి, నాన్నది ఒకటి, నాది ఒకటి.”

“ఇప్పుడు ఇంకొకటి” అన్నాడు నిచ్చెన. “మాకు పోగు తెగకుండా ఉంటే చాలు. ఎవరి ఉమ్మి అయితే మాకేం?”

ఏజెంటు సంచి భుజానికి తగిలించుకుని లేచాడు. పోతూ పోతూ, తన నోట్లో ఎలా ఉంటుందో చూడాలని ఒక పుల్ల గంజి అడిగి తీసుకున్నాడు. దారి పొడవునా చప్పరిస్తూ వెళ్ళడం కనిపించింది.

సాయంత్రం చివరి బాన ఎక్కింది. పెద్దాయన గుమ్మం బయటే ఉన్నాడు. కోడలిని పిలిచి, ఆ నలుసు సరిగ్గా ఎలా ఉంటుందో చెప్పమన్నాడు. ఎక్కడ తగులుతుంది, నాలుక ముందా వెనకా, అదిమి పట్టాలా రాయాలా అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన పుల్ల తెప్పించుకుని కళ్ళు మూసుకుని అంగిలికి అదిమాడు. పెదాలు బిగించి కాసేపు ఉన్నాడు.

“ఏమైనా తెలిసిందా మామయ్యా?”

“దొరకడం లేదు. పట్టుకుందామనేలోగా నీరైపోతోంది” అన్నాడు. ఇంకో పుల్ల తెమ్మని చెయ్యి చాచాడు.

లోపల కోడలు ఉడికింది అంది. కొడుకు మంట లాగాడు. పెద్దాయన అటు చూడలేదు. నోట్లో రెండో పుల్ల గంజి ఉంది.